వదిన మార్చిన ఇరుసు

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఇదేదో నేను కొత్తగా చెబుతున్న సంగతి కాదు, మా ఇంట్లో పిల్లలకి మాటలు రాగానే నేర్పే మొదటి పాఠమే ఇది. తేనెటీగలు పెంచేవాడికి ఇంత కోపమేమిటని అడుగుతారు. ఏం చెప్పమంటారు? ఈగల దగ్గర నేను నోరు మెదపను, చెయ్యి విసరను, ఊపిరి కూడా నెమ్మదిగా తీస్తాను. ఉన్న ఓర్పంతా అక్కడే అయిపోతుంది. ఇంటికొచ్చేసరికి గిన్నె ఖాళీ. మా వదినైతే ఇంకోలా చెబుతుంది. నా పెట్టెల్లో ఉన్న ఈగలన్నీ కట్టకట్టుకుని వచ్చి కుట్టినా నా ఒక్క మాటంత మంట పుట్టదట.

ఇప్పుడు రాస్తున్నది ఆ వదిన గురించే. నా గురించి ఇంకో నాలుగు ముక్కలు రాశానంటే ఆవిడే వచ్చి కాగితం లాక్కుంటుంది.

మా వదిన, అంటే మా అన్న భార్య, లారీలకి కమాన్లు కడుతుంది. బండి పెట్టెకీ చక్రాలకీ మధ్య, విల్లులా వంచి ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప పట్టీలు ఉంటాయి చూశారా, అవి. అది వాళ్ళ నాన్న పని. ఆయనకి కొడుకులు లేకపోలేదు, ఉన్నారు. కొలిమి వేడి వాళ్ళకి పడలేదు, ఈవిడకి పడింది. మా అన్నేమో దర్జీ. చొక్కాలు, లంగాలు కుట్టే దర్జీ కాదు, లారీల మీద కప్పే టార్పాలిన్లు కుడతాడు. ఇద్దరిదీ ఒకటే రేకుల షెడ్డు. మధ్యలో గోడ లేదు, అన్న కుట్టిన పాత టార్పాలిన్ ఒకటి తెరలా వేలాడుతూ ఉంటుంది. తెరకి ఇవతల మిషన్ టకటకా, అవతల సుత్తి ధనధనా. ఇంట్లో వంట అన్నదే. వదిన చేతులకున్న గ్రీజు ఏ సబ్బుకీ లొంగదు, ఆ చేతుల్తో చేసింది తింటే మనం కూడా కిర్రుమనకుండా తిరుగుతామని అన్న అంటాడు. మనిషి మహా నెమ్మదస్తుడు. ఒక్క తేనెటీగ అంటేనే భయం. నేను తేనె సీసా ఇస్తే కూడా అందులో ఏదైనా ఈగ ఉందేమోనని వెలుగులో పట్టి చూస్తాడు.

వదినకో పద్ధతి ఉంది. ఏ బండి బాగుచేసినా నట్లన్నీ తనే బిగిస్తుంది, చివరి నట్టు మాత్రం వదిలేస్తుంది. బండి నడిపేవాణ్ణి పిలిచి, పానా చేతిలో పెట్టి, కిందికి దూరి దాన్ని బిగించమంటుంది. కొమ్ములు తిరిగిన లారీ డ్రైవర్లు కూడా నేల మీద వెల్లకిలా పడుకుని ఆ నట్టు తిప్పాల్సిందే. అలాగైనా వాడు తన బండి అడుగున ఏముందో కళ్ళారా చూస్తాడని ఆవిడ ఉద్దేశం. ఆ నట్టు బిగిసేదాకా బండి ఆవిడది, ఆ తర్వాత వాడిది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఇక నా బండి. అది మిలటరీ వాళ్ళు వాడి వాడి, ఇక మాకొద్దు బాబూ అని వేలంలో వదిలించుకున్న సరుకు ట్రైలర్. ఒకే ఇరుసు, దానికి రెండు చక్రాలు, ముందు నా ముంజేయంత లావున ఇనుప కడియం. ఆ కడియాన్ని జీపు వెనక కొక్కేనికి తగిలించి లాగుతాను. అప్పట్లో తుపాకులు మోసిందో, బంగాళాదుంపలు మోసిందో నాకు తెలీదు. పచ్చరంగు మాత్రం ఎన్ని వానలు పడ్డా వదల్లేదు, అందుకే మేమంతా పచ్చబండి అంటాం. నా బతుకంతా దాని మీదే ఉంది. ఒక చోట పూలు అయిపోతే పెట్టెలన్నీ ఎక్కించుకుని పూలున్న చోటికి పోవాలి. పూలు మన కోసం ఆగవు కదా.

ఆ సంవత్సరం నా పెట్టెలు ఒక పళ్ళతోటలో ఉన్నాయి. పూత రాలిపోయింది, పిందె పడింది. పిందెకి పురుగు పట్టకముందే మందు కొట్టాలని తోటాయన తొందరపడుతున్నాడు. ఆయన మంచివాడే, నా ఈగల కోసం అప్పటికే ఒకసారి ఆగాడు. ఇక ఆగలేనని, ఎల్లుండి పొద్దున పంపులవాళ్ళు వచ్చేస్తారని కబురు చేశాడు. ఆ మందు గాలికి తగిలితే చాలు, నా పెట్టెల్లో ఒక్క ఈగ మిగలదు. నేనేం కంగారు పడలేదు. పొద్దుతిరుగుడు చేలు విచ్చుకుని సిద్ధంగా ఉన్నాయి, ఆ చేల రైతుతో మాటైపోయింది, రేపు సాయంత్రం పెట్టెలు ఎక్కిస్తే సరిపోతుంది. బండి మీద కప్పడానికి టార్పాలిన్ కొలత ఇద్దామని పచ్చబండిని తగిలించుకుని అన్న దగ్గరికి వెళ్ళాను.

అన్న టేపు పట్టుకుని బండి ఎక్కాడు. వదిన తెర పక్కకి తీసి అక్కడే నిలబడిపోయింది. ఎడమ చక్రం వైపే చూస్తోంది. తర్వాత చిన్న సుత్తి తెచ్చి బండి కిందికి దూరింది. ఇరుసు మీద ఒక చివర నుంచి కొట్టుకుంటూ వచ్చింది. ఖంగ్, ఖంగ్ అని మోగుతున్నది కాస్తా ఎడమ కమాను దగ్గరికి వచ్చేసరికి పగిలిన కుండలా మోగింది.

"ఇరుసు చీలింది మరిదీ. ఇంకొక్క గుంత చాలు" అంది కిందినుంచే.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఎవరి మీదో చెప్పలేను. గుంతల మీద, మిలటరీ మీద, తోటాయన మీద, చూడకపోతే పోయేదానికి చూసినందుకు వదిన మీద కూడా. ఇలాగే నెమ్మదిగా లాక్కుపోతానన్నాను. నిండు పెట్టెలతో బండి రోడ్డు మీద బోర్లా పడితే ఈగలూ పోతాయి, ఎదురొచ్చేవాడూ పోతాడు అంది. అన్న బండి మీదినుంచి మెల్లిగా దిగి టీ పెట్టడానికి వెళ్ళిపోయాడు. నేను అరిచేటప్పుడు అతను చేసే పని అదే.

ఊరి చివర పాత ఇనుము కొట్టు ఉంది. దాని యజమానిని అందరూ తుక్కు బాబాయి అంటారు. అలాంటి ట్రైలర్లే రెండు ఆయన ఎప్పుడో విప్పి పడేశాడు. గడ్డిలో, ఇనుప సామాను గుట్ట కింద వాటిలో ఒకదాని ఇరుసు దొరికింది. దాన్ని లాగేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. వదిన సుత్తితో ఆ చివర నుంచి ఈ చివర దాకా కొట్టి విని, చీలిక లేదని చెప్పింది. నా ప్రాణం లేచొచ్చింది.

షెడ్డులో దాన్ని బల్ల మీద పెట్టి ఒక చివర నుంచి ఇంకో చివరకి దారం లాగి చూసింది. మధ్యలో ఇరుసు కొంచెం పైకి ఉబ్బి ఉంది, వేలు దూరేంత. అంత బరువు కింద ఇన్నేళ్ళు పడి ఉంటే వంగదా మరి, అనుకున్నాం ఇద్దరం. వంగిన ఇరుసుల్ని సరిచెయ్యడంలో మా వదిన పేరు చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. వేడి చెయ్యకుండా, ప్రెస్సు కింద పెట్టి, కొద్దికొద్దిగా నొక్కుతూ, దారం చూస్తూ, మళ్ళీ నొక్కుతూ దాన్ని సాఫు చేసింది. చివరికి దారానికీ ఇనుముకీ మధ్య వెలుతురు కూడా కనిపించలేదు. నేను భేష్ అన్నాను. నేను ఎవర్నీ అలా అనను.

మర్నాడు పాతది విప్పి వెనక పడేశాం, కొత్తది బిగించాం. బిగించాం అంటే ఆవిడ బిగించింది, నేను జాకీ తిప్పాను, తిట్లు తిన్నాను. పాత నట్లు తుప్పుపట్టి కదలకపోతే నేను సుత్తి ఎత్తాను, ఆవిడ నా చేతిలోంచి సుత్తి లాక్కుని నూనె పోసి వదిలేసింది. కాసేపటికి అవి వెన్నలా తిరిగాయి. "చూశావా మరిదిగారూ, వాటితో కూడా మర్యాదగా ఉండాలి" అంది. బేరింగులకి గ్రీజు నింపి, చక్రాలు ఎక్కించి, చివరి నట్టు నాకు వదిలింది. కిందికి దూరి బిగించాను. బండి నాదైంది.

ఇక తోటకి పోదామంటే, ఉత్త బండి కాదు, బరువుతో ఒకసారి నడిపి చూడాలంది. పక్కనే ఇల్లు కట్టేవాళ్ళ దగ్గర ఇటుకలు అడిగి ఎక్కించమంది. సాయంత్రం పెట్టెలు ఎక్కించాల్సినవాణ్ణి, మధ్యాహ్నం ఇటుకలు మొయ్యాలా? నేను ఎన్ని మాటలన్నానో ఇక్కడ రాయను, అచ్చు వేసేవాళ్ళు ఒప్పుకోరు. ఆవిడ అవన్నీ వింటూనే ఇటుకలు అందించింది. పెద్దరోడ్డు మీద చాలా దూరం పోయి తిరిగొచ్చాను. బండి హంసలా నడిచింది. నేను చెప్పలేదా అన్నట్టు జీపు దిగాను.

వదిన చక్రం దగ్గర కూర్చుని టైరు మీద చెయ్యి పెట్టింది. వెలుపలి అంచు మీద, తర్వాత లోపలి అంచు మీద. రెండో చక్రానికీ అలాగే. నన్నూ పెట్టి చూడమంది. వెలుపల చల్లగా ఉంది. లోపల చెయ్యి పెట్టలేనంత వేడి.

ఆవిడ లేచి షెడ్డు వెనక్కి వెళ్ళి, పారేసిన పాత ఇరుసుకి దారం కట్టింది. చీలిక ఒక చివరే ఉంది కాబట్టి మిగతా ఇరుసు చెక్కుచెదరలేదు. దాని మధ్యలో కూడా అదే ఉబ్బు, అదే వేలంత సందు. ఆవిడ అక్కడే మట్టిలో కూలబడింది.

"తప్పు నాది మరిదీ. అది వంకర కాదు. వాళ్ళు కావాలనే అలా చేశారు. బరువు పడితే సాఫవుతుందని. నేను ముందే సాఫు చేసేశాను, ఇప్పుడు బరువుకి మధ్యలో కిందికి దిగి, చక్రాలు పైన లోపలికి వాలి లోపలి అంచు మీదే నడుస్తున్నాయి" అంది.

జీవితమంతా ఆవిడ చేసే పని ఏమిటి? పట్టీలు వంచడం. బరువు పడ్డాక సరిగ్గా ఉండాలంటే ముందు ఎంత వంపు ఉంచాలో ఆవిడకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. కమానులో వంపు ఉంటే ప్రాణం, ఇరుసులో వంపు ఉంటే రోగం అని చిన్నప్పటినుంచీ అలవాటు. అందుకే ఆ తప్పు ఆవిడే చెయ్యగలదు, ఇంకెవరైనా అయితే దారం కట్టేవారే కాదు, ఉన్నదున్నట్టు బిగించేసేవారు, బండి నడిచేది.

నేను అరవాలి కదా. అన్న అప్పటికే టీ పెట్టడానికి లేచాడు. కానీ ఆవిడ మొహం చూశాక ఆ పని నా వల్ల కాలేదు. నేను దుమ్ము కొట్టుకుపోయిన ఇటుకల్నే చూస్తూ నిలబడ్డాను. ఆ ఇటుకలు లేకపోతే ఈపాటికి వాటి చోట నా పెట్టెలే ఉండేవి. పొద్దుతిరుగుడు చేలు దూరం. దారిలో ఎక్కడో టైరు పేలేది. నేను రోడ్డుని తిట్టుకునేవాణ్ణి, టైరుని తిట్టుకునేవాణ్ణి. వదిన పని మీద అనుమానం మాత్రం నా మనసులోకి కూడా వచ్చేది కాదు.

మళ్ళీ వంపు పెట్టొచ్చు, పాతది పక్కన పెట్టుకుని చూస్తూ నొక్కుతాను, కానీ తొందరపడితే కుదరదు, రేపు మధ్యాహ్నం అవుతుంది అంది. రేపు పొద్దున పంపులొస్తాయి. నేను తోటాయన దగ్గరికి వెళ్ళి బతిమాలుకోవాలి. నాకు బతిమాలడం రాదు. నేను నోరు తెరిస్తే ఇంకోటేదో అవుతుందని ఇంట్లో అందరికీ తెలుసు. వదిన చేతులు తుడుచుకుని జీపెక్కింది. ఆవిడ అంతకుముందు ఎప్పుడూ నా జీపెక్కలేదు, తుక్కు బాబాయి కొట్టుకి కూడా నడిచే వచ్చింది, నేను నడిపే తీరు చూసినవాళ్ళెవరూ ఎక్కరు.

తోటాయన వరండాలో ఉన్నాడు. నేను నమస్కారం పెట్టేలోపే వదిన మాట అందుకుంది.

"ఆలస్యం మా మరిది వల్ల కాదండీ, నా వల్ల. మంచి ఇరుసుని నేను చెడగొట్టాను. రేపు మధ్యాహ్నానికి సరిచేసిస్తాను" అంది.

అలా అనాల్సిన అవసరం ఆవిడకి లేదు. ఇరుసు విరిగిందండీ అంటే అబద్ధం కూడా కాదు. ఆ తోటాయన ట్రాక్టరు కూడా ఆవిడ దగ్గరికే వస్తుంది, రేపటినుంచి రాకపోవచ్చు. ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. పంపులవాళ్ళని ఆపలేను, వాళ్ళు మళ్ళీ దొరకరు అన్నాడు. కావాలంటే అటు చివర నుంచి మొదలుపెట్టిస్తాను, మీ పెట్టెలున్న మూలకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది, ఆపైన నన్నేమీ అనొద్దు అన్నాడు. ఇంకేం కావాలి? ఆయన చెయ్యి పట్టుకున్నాను. నేను అలా ఎవరి చెయ్యీ పట్టుకోను కూడా.

అయితే ఈగలు పగలు బయటికి రాకూడదు, వస్తే మందులోకే పోతాయి. పెట్టెల ద్వారాలు జాలీతో మూసెయ్యాలి. ఎండకి లోపల ఉడికిపోకుండా తడి గోనెలు కప్పి, ఆరినప్పుడల్లా నీళ్ళు చల్లుతూ ఉండాలి. నేను షెడ్డులో జాకీ దగ్గర ఉండాలి. మరి అక్కడ ఎవరుంటారు? షెడ్డుకి తిరిగొచ్చి ఈ మాట అనగానే అన్న కుట్టుమిషన్ ఆపాడు. ఈగలన్నీ లోపలే ఉంటాయి కదా అని అడిగాడు. అన్నీనా అని మళ్ళీ అడిగాడు. తర్వాత గోనెలు కలిపి పెద్ద దుప్పట్లలా కుట్టడం మొదలుపెట్టాడు. మర్నాడు తెల్లారేసరికి మా అన్న తోటలో ఉన్నాడు, ఒంటి మీద రెండు చొక్కాలు, మెడకి తువ్వాలు, చేతికి తన మేజోళ్ళు. పొద్దస్తమానం కాలవ నుంచి నీళ్ళు మోసి ఆ గోనెల మీద చల్లుతూనే ఉన్నాడు. ఈగల రొద విని పారిపోకుండా ఉండటానికి పాటలు పాడుకున్నాడట. అతని పాట వింటే ఈగలే పారిపోవాలి, పాపం వాటికి దారి లేదు.

షెడ్డులో వదిన పాత ఇరుసునీ కొత్త ఇరుసునీ పక్కపక్కన పెట్టింది. ఒక్కో నొక్కుకీ రెండింటికీ దారం కట్టి చూసింది. నేను కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంటే, బయటికి పోయి ఇటుకలు మళ్ళీ ఎక్కించుకునే ఏర్పాటు చూడమంది. ఈసారి ఒక్క మాట అనలేదు నేను, పక్కింటి మేస్త్రీ నా ఒంట్లో బాగాలేదేమోనని అడిగాడు. ఇరుసు ఎక్కింది, చక్రాలు ఎక్కాయి. చివరి నట్టు కోసం నేను చెయ్యి చాపాను. ఆవిడ పానా ఇవ్వలేదు. తనే బిగించేసింది.

నా మనసు చివుక్కుమంది. ఎందుకని అడగలేదు, అడిగే టైము కూడా లేదు. ఇటుకలతో పోయొచ్చాను, టైర్ల మీద చెయ్యి పెట్టి చూసింది, పానా పట్టుకుని వచ్చి జీపులో కూర్చుంది. తాను కూడా వస్తానంది.

తోటకి వెళ్ళేసరికి పంపుల మోత దగ్గర్లోనే వినిపిస్తోంది. మందు వాసన ఇంకా ఆ మూలకి రాలేదు. అన్న మోకాలిదాకా బురదతో, తలనుంచి కాలిదాకా తడిసి మాకు ఎదురొచ్చాడు. ఒక్క పెట్టె కూడా వేడెక్కలేదని చెప్పాడు. నేను పెట్టెకి చెవి ఆనించి విన్నాను. లోపల ఈగలు నిబ్బరంగా రొద పెడుతున్నాయి. ఆ తడి గోనె మీదే తల పెట్టి ఏడ్చేశాను. ఎందుకు దాచాలి? ఏడ్చాను. వదిన చూడనట్టు తాళ్ళు కడుతూ ఉండిపోయింది.

పెట్టెలు ఎక్కించి బయల్దేరాక దారంతా ఆవిడ నన్ను ఆపుతూనే ఉంది. కాస్త దూరం పోగానే ఆపు అంటుంది, దిగుతుంది, చక్రాల మీద లోపలా వెలుపలా చెయ్యి పెడుతుంది, ఎక్కుతుంది. అన్న వెనక సీట్లో నిద్రపోయాడు. పొద్దు వాలుతుండగా పొద్దుతిరుగుడు చేల దగ్గరికి చేరాం. పెట్టెలు దించాం. ఒక్కొక్క జాలీ తీశాను. ముందు రెండు మూడు ఈగలు గడప మీదికొచ్చి చుట్టూ చూశాయి. తర్వాత అన్నీ ఒక్కసారిగా పసుపు చేల మీదికి లేచాయి. అన్న జీపు అద్దాలన్నీ ఎత్తేసుకుని లోపలినుంచే చెయ్యి ఊపాడు.

నేను వెనక్కి తిరిగేసరికి వదిన పచ్చబండి కింద ఉంది. దారిలో కుదుపులకి సడలిన నట్లు ఒక్కొక్కటే మళ్ళీ బిగిస్తోంది. నేను చక్రం పక్కన కూర్చుని టైరు మీద చెయ్యి పెట్టాను. ఆ అంచు నుంచి ఈ అంచు దాకా ఒకటే వెచ్చదనం.

"వదినా, నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు" అన్నాను.

సుత్తి దెబ్బలకి అలవాటైన మనిషి కదా, కాస్త గట్టిగానే మాట్లాడుతుంది ఎప్పుడూ. అప్పుడు మాత్రం మెల్లగా అంది.

"నాకు తెలిసేది కదా."

బండి కిందినుంచి బయటికొచ్చి ఒళ్ళు దులుపుకుంది. పానా నా చేతిలో పెట్టింది. ఒక్క నట్టు మిగిలింది, వెళ్ళి బిగించుకో అంది.